వెన్నెల్లో తెల్లరాళ్ళు: అడవి కథ కంపోజిట్ ఎందుకిలా అతికించినట్టు కనిపిస్తోంది?

గోదారిగట్టు | నవంబరు 8, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒకే బొమ్మ మీద కూర్చున్నాను. చూసి చూసి నా కళ్ళకి తప్పు కనబడటం మానేసింది. మీరు చూసి చెప్పాలి.

మా అమ్మాయికి ఏడేళ్ళు, మేనల్లుడికి పది. దసరా సెలవుల్లో ఇద్దరికీ గ్రిమ్ సోదరుల హాన్సెల్, గ్రెటెల్ కథ (ఇంట్లోవాళ్ళు అడవిలో వదిలేసిన అన్నాచెల్లెళ్ళు మిఠాయి ఇంటికి చేరే జర్మన్ కథ) చదివి వినిపించాను. అప్పట్నుంచి ఒకటే గొడవ, "మమ్మల్ని ఆ అడవిలో పెట్టి ఫోటో తియ్యి" అని. సరే, కంపోజిట్ (వేరువేరు ఫోటోలు కలిపి ఒకే బొమ్మ) చేద్దామని మొదలుపెట్టాను.

పిల్లల్ని మా డాబా మీద సాయంత్రం నాలుగున్నరకి తీశాను. 50 ఎం.ఎం. లెన్సు, నేను నిలబడి తీసినవే. అడవి పోయినేడు మారేడుమిల్లి రోడ్డు పక్కన 24 ఎం.ఎం.తో తీసి ఉంచుకున్నది. మిఠాయి ఇంటిని కేకు ముక్కలతో, బిస్కెట్లతో బల్ల మీద కట్టి తీశాం. చందమామ ఇంకో రోజుది. పొగమంచు బ్రష్‌తో వేశాను. మొత్తం 41 లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు. ఎన్ని చేసినా పిల్లలు అడవిలో లేరు, అడవి ముందు నిలబడ్డారు. మంచు పెంచితే పాలు ఒలికినట్టుంది, తగ్గిస్తే కత్తిరించిన గీత కనిపిస్తోంది. ఎక్కడ పోయిందో చెప్పండి. మొహమాటం వద్దు.

లేయర్లక్క | నవంబరు 8, రాత్రి 11:05

బొమ్మ పెద్దది చేసి చూశాను. కత్తిరింపు బాగానే చేశారు, జుట్టు కూడా శుభ్రంగా వచ్చింది. మంచులో తప్పు లేదండీ. తప్పంతా కెమెరా ఎత్తులో ఉంది.

మీ అడవి ఫోటోలో దూరంగా ఉన్న చెట్ల మొదళ్ళన్నీ ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. ఫ్రేములో బాగా కిందికి. అంటే ఆ రోజు మీరు గొంతుకూర్చుని తీసి ఉంటారు, కెమెరా మోకాలి ఎత్తులో ఉండి ఉంటుంది. పిల్లల్ని మాత్రం నిలబడి, అయిదున్నర అడుగుల ఎత్తు నుంచి తీశారు. పాప నడినెత్తి పాపిట కనిపిస్తోంది. అడవిని కింద నుంచీ పిల్లల్ని పై నుంచీ చూస్తున్నాం. చూసేవాళ్ళు దీన్ని మాటల్లో చెప్పలేరు, "ఏదో తేడాగా ఉంది" అంటారంతే. కెమెరా మోకాలి ఎత్తులో ఉంటే క్షితిజరేఖ దగ్గరున్న మనిషికైనా దూరంగా ఉన్న మనిషికైనా మోకాళ్ళ దగ్గరే పోతుంది. దీన్ని ఏ బ్రష్షూ సరిచేయలేదు, మళ్ళీ తీయాల్సిందే.

ఇంకోటి. మీ డాబా పిట్టగోడకి పసుపు రంగు వేసి ఉందా? బాబు గడ్డం కింద, చేతుల అడుగున పసుపు పడింది. అడవిలో కింద నుంచి పసుపు వెలుగు ఎక్కడిది? తీసేటప్పుడే గోడకి నల్లటి దుప్పటి కప్పేయండి.

గోదారిగట్టు | నవంబరు 8, రాత్రి 11:31

అక్కా, పిట్టగోడ పసుపే! మూడు వారాల్లో ఒక్కసారి కూడా నా కంటపడలేదు. అడవిని నిజంగానే కల్వర్టు దిమ్మ పక్కన కూర్చుని తీశాను.

పాతస్టూడియో | నవంబరు 9, ఉదయం 6:12

బాబూ, నేను 1978లో ఏలూరులో ఒక స్టూడియోలో పనికి చేరాను. అప్పట్లో మా వెనక తెర మీద అడవి, సెలయేరు, చందమామ రంగులతో వేసి ఉండేవి. కొత్త దంపతులు ఆ చందమామ కిందే నిలబడేవారు. ఒకే మనిషి పక్కపక్కన ఇద్దరుగా కనిపించే ఫోటో అడిగితే లెన్సు ముందు సగానికి నల్ల అట్ట పెట్టి ఒక ఎక్స్‌పోజరు, మనిషిని జరిపి, అట్టని రెండో వైపుకి మార్చి, అదే ఫిల్ము మీద ఇంకో ఎక్స్‌పోజరు ఇచ్చేవాళ్ళం. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా గీత పడేది. ఆ కాలంలో లైటు ముందే ఆలోచించుకోవాలి, తరవాత సర్దుకునే వీలుండేది కాదు.

మీరు చేస్తున్న పని చాలా పాతది. రైలాండర్ 1857లో ముప్ఫైకి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే ప్రింటు చేశాడు. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగెటివ్‌లతో మంచాన పడ్డ అమ్మాయి బొమ్మ చేశాడు. అదే 1858లో ఆయన ఎర్ర టోపీ పిల్ల కథని నాలుగు ఫోటోల వరసగా తీశాడు. అంటే ఫోటోగ్రఫీ పుట్టి ఇరవై ఏళ్ళు కాకముందే అడవి కథ దాని చేతికి వచ్చేసింది.

నా మాట మీ లేయర్ల గురించి కాదు, మీరు పట్టుకున్న ఘట్టం గురించి. మిఠాయి ఇల్లు ఎందుకు? పుస్తకం మళ్ళీ తియ్యండి. పిల్లల్ని మొదటిసారి అడవిలో వదిలేసినప్పుడు ఏం జరిగింది? హాన్సెల్ ముందురోజు రాత్రే ఇంటి ముందున్న తెల్లటి గులకరాళ్ళు జేబులో నింపుకున్నాడు. దారి పొడుగునా ఒక్కొక్కటీ వదిలాడు. పున్నమి చంద్రుడు పైకొచ్చాక ఆ రాళ్ళు కొత్త వెండి నాణేల్లా మెరిశాయి. చెల్లెలి చెయ్యి పట్టుకుని రాత్రంతా ఆ మెరుపు వెంట నడిచాడు. ఫోటో తీసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? లైటు ఎక్కడుందో కథే చెబుతోంది. మిఠాయి ఇంటిని చూడగానే పిల్లలకి నోరూరుతుంది, భయం పోతుంది. ఈ రాళ్ళ దగ్గర భయమూ ఉంది, ధైర్యమూ ఉంది.

గోదారిగట్టు | నవంబరు 9, ఉదయం 7:40

మాస్టారూ, పొద్దున్నే ఇది చదివి పుస్తకం తీశాను. మీరన్నట్టే ఉంది. ఇల్లు తీసేస్తున్నాను. రాళ్ళ ఘట్టమే చేస్తాను.

ఇంకో చిన్న సంగతి కూడా అక్కడే కనబడింది. తండ్రి దగ్గర్లోనే కట్టెలు కొడుతున్నాడని పిల్లలు నమ్ముతారు, గొడ్డలి చప్పుడు వినబడుతూ ఉంటుంది కదా. అది గొడ్డలి కాదు. ఎండిన చెట్టుకి ఒక కొమ్మని కట్టి వదిలేశాడు, గాలికి అది టక్ టక్‌మని కొట్టుకుంటోంది. పిల్లలకి చదివినప్పుడు ఈ వాక్యం దాటి వెళ్ళిపోయాను. ఇప్పుడు చదివితే గుండె పట్టేసింది. ఆ కొమ్మని కూడా బొమ్మలో ఎక్కడో ఒక మూల పెట్టాలని ఉంది.

దండకారణ్యం | నవంబరు 9, ఉదయం 9:15

తప్పుగా అనుకోవద్దు, నాదో ప్రశ్న. మనకి అడవి కథలు లేవా? నిద్రపోతున్న దమయంతి చీరలో సగం కోసుకుని నలుడు వెళ్ళిపోయిన రాత్రి ఉంది. భుజాన శవంతో విక్రమార్కుడు ఉన్నాడు. చందమామలో శంకర్ గీసిన ఆ బొమ్మ చూస్తూ పెరిగినవాళ్ళమే అందరం. ఊడలు, పుర్రెలు, చేతిలో కత్తి. అంత వాతావరణం మన చేతిలో పెట్టుకుని జర్మనీ దాకా ఎందుకు?

లేయర్లక్క | నవంబరు 9, ఉదయం 10:02

మంచి ప్రశ్నే. కానీ పిల్లలు అడిగింది ఈ కథ. అడిగిన కథే చేయాలి. మారేడుమిల్లి అడవిలో హాన్సెల్‌ని పెడితే మాత్రం నాకు నచ్చదు. ఆ ఫోటోలో వెదురు కనిపిస్తోంది, అడ్డతీగలు కనిపిస్తున్నాయి. అది దమయంతి అడవి. ఆ ప్లేటు (వెనక నేపథ్యంగా వాడే ఫోటో) దాచుకోండి, దండకారణ్యం గారు చెప్పిన బొమ్మకి అది అచ్చంగా పనికొస్తుంది.

దండకారణ్యం | నవంబరు 9, ఉదయం 10:20

ఒప్పుకున్నాను. దమయంతి బొమ్మ నేనే మొదలుపెడతాను. ఆ ప్లేటు ఇస్తారా?

గోదారిగట్టు | నవంబరు 9, ఉదయం 10:26

రా ఫైలే (కెమెరా ఏమీ సర్దకుండా ఇచ్చే అసలు ఫైలు) పంపిస్తాను అన్నా. కూర్చుని తీసింది, మర్చిపోవద్దు.

సిల్వర్ఓక్ | నవంబరు 9, మధ్యాహ్నం 1:48

విశాఖ నుంచి. యూరప్ అడవిలా కనిపించే చోటు మన దగ్గరే కావాలంటే అనంతగిరి కాఫీ తోటలకి రండి. కాఫీకి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, కొమ్మల్లేకుండా పైదాకా వెళ్తాయి. మిరియాల తీగ పాకని చెట్లు వెతుక్కుని, కాఫీ మొక్కలు ఫ్రేములోకి రాకుండా తీస్తే నూటికి తొంభై మంది విదేశం అనుకుంటారు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మంచు దానంతట అదే వస్తుంది. లంబసింగి వైపు కూడా అంతే. తోట ఎవరిదో కనుక్కుని అడిగి వెళ్ళండి. అడవిలో పొగబాంబులు మాత్రం వద్దు. ఎండాకు మీద నిప్పురవ్వ పడితే ఏమవుతుందో కొండ మీద ఉండేవాళ్ళకి తెలుసు.

మంచులో తీసినప్పుడు నేను నేర్చుకున్నది ఒకటుంది. దూరం పెరిగేకొద్దీ నలుపు నలుపుగా ఉండదు. ముందున్న చెట్టు బెరడులోనే అసలైన నలుపు ఉంటుంది. పది గజాల అవతల చెట్టులో అది బూడిద రంగు. ఇంకా వెనకది మంచులో దాదాపు కలిసిపోతుంది. పిల్లలు రెండో వరస చెట్ల దగ్గర ఉంటే వాళ్ళ జుట్టు నలుపు కూడా ఆ చెట్టు నలుపుకి మించకూడదు. మీ బొమ్మలో పాప జడ ముందున్న చెట్టు కన్నా నల్లగా ఉంది. అందుకే ముందుకు దూకినట్టు అనిపిస్తోంది.

కాసెల్_కుర్రాడు | నవంబరు 9, రాత్రి 8:30

అన్నా, ఈ థ్రెడ్ నాకోసమే పెట్టినట్టుంది. నేను చదువుకుంటున్నది జర్మనీలో కాసెల్ ఊళ్ళో. గ్రిమ్ సోదరులు ఉండి కథలు పోగుచేసిన ఊరు ఇదే. మొదటి సంపుటం 1812లో వచ్చింది. ఇక్కడి వాళ్ళు ఇంకో సంగతి చెప్తారు. ఆ మొదటి ముద్రణలో పిల్లల్ని వదిలేద్దామన్నది కన్నతల్లే. 1840 ముద్రణకి వచ్చేసరికి ఆమెని సవతితల్లిగా మార్చారు.

అందరూ ఈ కథ అనగానే బ్లాక్ ఫారెస్ట్ అంటారు. అది ఇక్కడికి చాలా దక్షిణాన ఉంది. అక్కడ స్ప్రూస్, ఫర్ చెట్లు సన్నగా నిటారుగా పెరిగి, కింద చీకటిగా ఉంటుంది. గ్రిమ్‌ల హెస్సె ప్రాంతం అడవులు వేరు, ఓక్, బీచ్ చెట్లు. కాసెల్‌కి ఉత్తరాన రైన్‌హార్డ్స్‌వాల్డ్ ఉంది. అందులో జాబాబుర్గ్ దగ్గర 1907 నుంచీ కాపాడుతున్న పాత అడవి ఉంది. పూర్వం అక్కడ పశువుల్ని మేపేవారు. ఆ ఓక్ చెట్లు చూడాలి అన్నా, బోదెలు మెలికలు తిరిగి, తొర్రలు పడి, ముసలివాళ్ళు కూర్చున్నట్టు ఉంటాయి. ఆదివారం వెళ్తాను. ఎలా తియ్యాలో చెప్పండి, అలాగే తీసుకొస్తాను.

లేయర్లక్క | నవంబరు 9, రాత్రి 9:10

తమ్ముడూ, నిన్ను దేవుడే పంపాడు. 35 ఎం.ఎం. లెన్సు పెట్టు. కెమెరా నేల నుంచి సరిగ్గా 60 సెంటీమీటర్ల ఎత్తున ట్రైపాడ్ మీద, పైకీ కిందికీ వంచకుండా ఉండాలి. ఒక మీటరు పొడవు కర్ర తీసుకెళ్ళు. మూడు, ఆరు, పది మీటర్ల దూరంలో నిలబెట్టి ఒక్కో ఫోటో తియ్యి, తరవాత కర్ర లేకుండా తియ్యి. పిల్లల్ని ఏ సైజులో పెట్టాలో ఆ కర్ర చెప్తుంది. ఎండ వస్తే అదే ఫ్రేము ఎండలోనూ తియ్యి. మబ్బు ఫోటో అడవి వాతావరణానికి, ఎండ ఫోటో వెలుగు మచ్చలకి.

గోదారిగట్టు గారూ, మీరు కూడా అదే 60 సెంటీమీటర్లు, అదే 35 ఎం.ఎం. పిల్లల్ని ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టండి.

పాతస్టూడియో | నవంబరు 10, ఉదయం 6:30

వెన్నెల కోసం రాత్రి తీయాల్సిన పని లేదు బాబూ. వెన్నెలంటే చంద్రుడి మీద పడి మన దాకా వచ్చిన ఎండే. పైగా ఆకాశంలో సూర్యుడూ చంద్రుడూ మన కంటికి దాదాపు ఒకే సైజు, అర డిగ్రీ. అందుకే ఎండలో నీడ అంచు ఎంత పదునుగా ఉంటుందో వెన్నెల్లోనూ అంతే ఉంటుంది. పిల్లల్ని సాయంత్రపు వాలు ఎండలో తియ్యి, సూర్యుడు వాళ్ళకి ఎదురుగా, నీకు కూడా ఎదురుగా. ఎక్స్‌పోజరు రెండు స్టాపులు తగ్గించు, అంటే వెలుగు నాలుగో వంతుకి. వైట్ బ్యాలెన్సు (కెమెరాలో రంగుల సర్దుబాటు) 3,400 కెల్విన్ దగ్గర పెట్టు, ఎండ నీలంగా వస్తుంది. జుట్టు చుట్టూ, భుజాల మీద సన్నటి వెండిగీత పడుతుంది. అదే నీ వెన్నెల.

మబ్బు పట్టిన రోజు తీస్తే ఆ గీత రాదు. సాఫ్ట్‌వేర్లో గీసుకోవాలి, గీసింది గీసినట్టే ఉంటుంది.

కొత్తగావచ్చా | నవంబరు 10, ఉదయం 11:20

నమస్తే అందరికీ. ఇదే నా మొదటి పోస్టు. నేను మొబైల్‌తోనే తీస్తాను, గింప్‌లో (ఫోటోలు సర్దే ఉచిత సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను. ఎర్ర టోపీ పిల్ల, తోడేలు చేస్తున్నా. తోడేలుని హైదరాబాద్ జూపార్కులో తీసుకున్నా. రాత్రి అడవి, పాప చేతిలో లాంతరు, పొదలో తోడేలు కళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి. అందరూ బాగుందంటున్నారు గానీ నాకు భయం వెయ్యట్లేదు. ఎందుకు?

లేయర్లక్క | నవంబరు 10, మధ్యాహ్నం 12:15

స్వాగతం. బొమ్మ చూశాను, టోపీ మడతలు చాలా ఓపిగ్గా చేశావు.

కళ్ళ గురించి చెప్తాను. తోడేలు కంట్లో వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. అది వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. కాబట్టి కళ్ళ మెరుపు దీపం పట్టుకున్నవాళ్ళకే కనిపిస్తుంది. దీపం పాప చేతిలో ఉంది, కెమెరా ఇరవై అడుగులు పక్కన ఉంది. పాపకి ఆ కళ్ళు మెరుస్తూ కనిపిస్తాయి, మనకి కనిపించవు. ఆ మెరుపు తీసేసి చూడు. పొదలో చెవుల ఆకారం, ముక్కు మీద లాంతరు వెలుగు చుక్క ఒక్కటి చాలు. చూసేవాడు ముందు పాపని చూసి, ఆ తరవాత పొదని చూసి ఉలిక్కిపడాలి. లేదా కెమెరాని పాప భుజం వెనక్కి తీసుకురా, అప్పుడు కళ్ళు మెరిపించు.

ఎరుపు సంగతి కూడా ఉంది. చీకట్లో మన కన్ను ఎరుపుని సరిగా పట్టుకోలేదు, అది నల్లగా మారుతుంది, నీలాలు ఆకుపచ్చలు కొంచెం నయంగా కనిపిస్తాయి. వెన్నెల పడ్డ వైపు టోపీని దాదాపు నల్లగా వదిలెయ్యి, లాంతరు వైపు మాత్రమే ఎర్రగా ఉంచు. అప్పుడు ఆ ఎరుపుకి విలువ వస్తుంది.

కొత్తగావచ్చా | నవంబరు 10, రాత్రి 9:50

కళ్ళు ఆర్పేశాను అక్కా. మా తమ్ముడు ఫోటో చూసి ముందు ఏం మాట్లాడలేదు, తరవాత "అక్కడేదో ఉంది" అన్నాడు. చాలా థాంక్స్.

కాసెల్_కుర్రాడు | నవంబరు 16, రాత్రి 11:40

వెళ్ళొచ్చాను. పొద్దున్నంతా మంచు, పది అడుగుల అవతల ఏమీ కనబడలేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి. దారి దాటకుండానే ఒక మలుపు దగ్గర దొరికింది. ఎడమ వైపు తొర్ర పడ్డ ఓక్, మధ్యలో కాలిబాట, బాట మీద గోధుమ రంగు బీచ్ ఆకులు, వెనక ఒకదాని వెనక ఒకటిగా చెట్లు మంచులో కరిగిపోతున్నాయి. కర్రతో మూడు, కర్ర లేకుండా ఆరు ఫోటోలు తీశాను. పదకొండున్నరకి పది నిమిషాలు ఎండొచ్చింది, అదీ సరిగ్గా ఎదుటి నుంచి. ట్రైపాడ్ కదపకుండా అలాగే తీశాను. ఫైళ్ళన్నీ పంపాను అన్నా.

గోదారిగట్టు | నవంబరు 23, రాత్రి 10:05

వారం రోజుల పని చెప్తాను.

పిట్టగోడకి నల్ల దుప్పటి కప్పాం. పాప గులాబీ రంగు ప్లాస్టిక్ చెప్పులు విప్పించాను, ఇద్దరూ ఉత్త కాళ్ళతోనే నడిచారు. సాయంత్రం 4:50, సూర్యుడు వాళ్ళకి ఎదురుగా. కెమెరా 60 సెంటీమీటర్లు కొలిచి పెట్టాను. కాళ్ళ కింద ఆకులు ఉండాలని ముందు ఎదురింటి బాదం చెట్టు ఆకులు బస్తాడు తెచ్చి పరిచాను. ఫోటో చూస్తే పిల్లలు బొమ్మల్లా కనిపించారు. గంటసేపు అర్థం కాలేదు. తరవాత తెలిసింది, బాదం ఆకు జానెడు ఉంటుంది, కాసెల్ ప్లేట్లో బీచ్ ఆకు బొటనవేలంత. ఆకు పెద్దదైతే పక్కనున్న మనిషి చిన్నవాడవుతాడు. వీధి చివర కానుగ చెట్టు కింద ఊడ్చిన కుప్ప తెచ్చి మళ్ళీ తీశాను. సరిపోయింది.

రాళ్ళు గోదావరి ఇసుకలోంచి ఏరుకొచ్చినవే. మొదట బల్ల మీద పెట్టి పైనుంచి తీసి అతికించాను, గుండీలు కుట్టినట్టున్నాయి. తీసేశాను. తడిమట్టి ఒక పళ్ళెంలో నింపి, ఒక్కో రాయినీ సగం దాకా నొక్కి, అదే ఎత్తు నుంచి, అదే ఎండలో తీశాను. రాయి పక్కన మట్టి కొంచెం పైకి లేస్తుంది. ఆ లేచిన మట్టికి ఒక నీడ, రాయికి ఒక నీడ. ఆ రెండు నీడలు వచ్చాక రాయి నేలలో కూర్చుంది. బాట వెంట పద్నాలుగు రాళ్ళు పెట్టాను, దూరం వెళ్ళేకొద్దీ ఎడం తగ్గిస్తూ.

చందమామని తీసేశాను. లెక్క వేసి చూశాను. 35 ఎం.ఎం.లో నిజమైన చందమామ ఫ్రేము వెడల్పులో నూట పదో వంతు కూడా ఉండదు, 6,000 పిక్సెళ్ళ ఫోటోలో 50 చిల్లర. నేను పెట్టింది 900! ఇప్పుడు చంద్రుడు ఓక్ చెట్టు వెనక ఎక్కడో ఉన్నాడు, వెలుగు మాత్రమే వస్తోంది.

ఇక మంచు. ప్లేట్లో ఉన్నది చాలా బాగుంది కానీ పిల్లల ముందు ఒక పలచటి పొర కావాలి. బ్రష్‌తో వేస్తే మళ్ళీ పాత కథే.

పాతస్టూడియో | నవంబరు 24, ఉదయం 6:05

ఇంట్లో సాంబ్రాణి ఉందా? రాత్రి తలుపులు మూసి, నల్ల గుడ్డ ముందు సాంబ్రాణి వెయ్యి. పక్క నుంచి, కొంచెం వెనక నుంచి ఒక టార్చి వెలుగు పడనీ. పొగ మొదట ముద్దగా లేస్తుంది, అది వద్దు. ఫ్యాను వెయ్యకుండా రెండు నిమిషాలు ఆగితే పొరలు పొరలుగా అడ్డంగా పరుచుకుంటుంది. అప్పుడు తియ్యి. పాతిక ముప్ఫై ఫోటోలు తీస్తే నాలుగు పనికొస్తాయి.

సిల్వర్ఓక్ | నవంబరు 24, ఉదయం 8:44

మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. లేయర్లని కలిపే పద్ధతుల్లో స్క్రీన్ మోడ్‌లో వేస్తే నల్ల గుడ్డ మాయమైపోయి పొగ ఒక్కటే మిగులుతుంది. కాకపోతే సాంబ్రాణి పొగ నీలంగా ఉంటుంది, రేణువులు చాలా సన్నం కాబట్టి. మంచు నీటిబిందువులు పెద్దవి, అది తెల్లగా ఉంటుంది. పొగ లేయరులో రంగు తీసేసి, ప్లేట్లో ఉన్న మంచు రంగు ఐడ్రాపర్‌తో తీసుకుని అద్దండి. లేకపోతే అడవిలో ఎవరో పొయ్యి వెలిగించినట్టు ఉంటుంది.

లేయర్లక్క | నవంబరు 24, ఉదయం 9:30

చివర్లో రెండు పరీక్షలు చెయ్యండి. పైన ఒక లేయరు పెట్టి మొత్తం నలుపు తెలుపు చేసి చూడండి, పిల్లల ఛాయలు పక్క చెట్లతో కలుస్తున్నాయా అని. ఆ తరవాత బొమ్మని అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పి, చిన్నది చేసి, అరచేతి దూరంలో కాకుండా గది అవతల నుంచి చూడండి. మీరు ఎక్కడ చెయ్యి పెట్టారో అక్కడ కన్ను ఆగుతుంది. గ్రెయిన్ (ఫిల్ము ఫోటోల్లో కనిపించే సన్నటి నలుసులు) అన్నిటి మీదా ఒకేసారి వేయండి, విడివిడిగా వద్దు.

పాదాలు ఆకుల్లో దాచేశారా? నేనైతే దాచను. చాలామంది కష్టం తప్పించుకోవడానికి గడ్డి కప్పేస్తారు. ఉత్త కాళ్ళు చల్లటి నేల మీద ఆనాయని తెలిస్తేనే ఆ రాత్రి చలి చూసేవాళ్ళకి తెలుస్తుంది.

సిల్వర్ఓక్ | నవంబరు 24, ఉదయం 9:52

నేను ఒప్పుకోను అక్కా. కాలిబాట మీద ఆకులు చీలమండ దాకా ఉన్నాయి, పాదం కొంచెమైనా మునగాలి. పూర్తిగా కనిపిస్తే ఆకుల మీద తేలినట్టు ఉంటుంది.

గోదారిగట్టు | నవంబరు 29, రాత్రి 11:15

ఇద్దరి మాటా విన్నాను. బాబు పాదాలు ఆకుల్లో సగం మునిగాయి. పాప ఒక అడుగు ఎత్తి ఉంది, ఆ మడమ పూర్తిగా కనిపిస్తుంది. మడమకి అంటుకుని ఒక తడి ఆకు కూడా ఉంది, అది డాబా మీద నిజంగా అంటుకున్నదే.

ఇప్పుడు బొమ్మలో ఉన్నది ఇంతే. ఇద్దరూ మనకి వీపు పెట్టి వెళ్తున్నారు. చెల్లెలి చెయ్యి అన్న చేతిలో. జుట్టు మీద వెండిగీత. ముందు రాయి పెద్దగా, ఒక పక్క తడి మెరుపుతో. తరవాతివి చుక్కల్లా మంచులోకి. కుడివైపు ఎండిన చెట్టుకి తాడుతో కట్టిన కొమ్మ వేలాడుతోంది, వెతికితే తప్ప కనబడదు. లేయర్లు 41 నుంచి 17కి తగ్గాయి.

పన్నెండు పద్ధెనిమిది అంగుళాల ప్రింటు మాట్ పేపరు మీద వేయిస్తే మొత్తం నల్లగా వచ్చింది. కొమ్మ లేదు, ఆరో రాయి దాటాక ఏమీ లేదు. లాబ్ వాళ్ళు ఫైలే అంత అన్నారు.

పాతస్టూడియో | నవంబరు 30, ఉదయం 6:20

నీ మానిటరు వెలుగు ఎక్కువ పెట్టుకుని పని చేసి ఉంటావు, రాత్రి చీకటి గదిలో. కాగితానికి సొంత వెలుగు ఉండదు. మాట్ మీద చీకటి ఛాయలు ఇంకా తొందరగా కలిసిపోతాయి. మానిటరు వెలుగు బాగా తగ్గించు, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకుని తెర తెలుపు ఆ కాగితంలా కనిపించేదాకా. తరవాత బొమ్మలో కొమ్మ, రాళ్ళు ఉన్న భాగం మాత్రం కత్తిరించి, మూడు వెలుగుల్లో మూడు చిన్న ప్రింట్లు వేయించు. మేము టెస్ట్ స్ట్రిప్ అనేవాళ్ళం. వాటిని పగటి వెలుగులో గుమ్మం దగ్గర నిలబడి చూసి ఎంచుకో.

గోదారిగట్టు | డిసెంబరు 6, సాయంత్రం 6:45

మాస్టారూ, మూడింటిలో మధ్యది కుదిరింది. పెద్ద ప్రింటు ఇవాళ వచ్చింది, హాల్లో కిటికీ ఎదురు గోడకి పెట్టాం. మేనల్లుడు దగ్గరికెళ్ళి రాళ్ళు లెక్కపెట్టాడు, పద్నాలుగూ దొరికాయి. పాప చాలాసేపు చూసి, ఆ కొమ్మ మీద వేలు పెట్టి, "ఇదేనా నాన్నా చప్పుడు చేసింది?" అని అడిగింది.

రెండోసారి వాళ్ళు రాళ్ళ బదులు రొట్టె ముక్కలు వేశారు కదా, పిట్టలు తినేసిన ఘట్టం, అది కూడా కావాలట ఇద్దరికీ. కాసెల్ తమ్ముడూ, మళ్ళీ అటువైపు వెళ్ళే పని ఉందా?

కాసెల్_కుర్రాడు | డిసెంబరు 6, రాత్రి 9:20

వచ్చే ఆదివారం వెళ్తాను అన్నా. మంచు కురుస్తుందంటున్నారు. ఈసారి పిట్ట నేల మీద ఉంటుంది కాబట్టి కెమెరా ఇంకా కిందికి దించాలేమో. ఎంత ఎత్తులో పెట్టమంటారు?

లేయర్లక్క | డిసెంబరు 6, రాత్రి 9:41

25 సెంటీమీటర్లు. కర్ర బదులు ఒక చిన్న రొట్టె ముక్క పెట్టి తియ్యి తమ్ముడూ, సైజు దానితోనే తెలుస్తుంది. తీశాక ముక్క ఏరుకుని జేబులో వేసుకో.